జడలధార వెనుక

నీలవేణి నది పుట్టిన చోటును చూడాలని ఎవరూ రారు. అది పడే చోటును చూడటానికి మాత్రం చుట్టుపక్కల రాజ్యాల జనమంతా బండ్లు కట్టుకుని, పల్లకీలెక్కి, కాలినడకన వస్తారు.

మణిభద్ర రాజ్యానికి పడమటనున్న పీఠభూమి మీద ఆ నది ఏ తొందరా లేకుండా సాగుతుంది. రెల్లు దుబ్బుల నడుమ వెడల్పుగా, మోకాలి లోతున, పశువులు దాటే వాగులా కనిపిస్తుంది. కొంగలు అందులో నిలబడి కునుకు తీస్తాయి. ఆ తరువాత నేల ఉన్నట్టుండి తెగిపోతుంది. గుర్రపు లాడంలా వంగిన నల్లరాతి గోడ మీదినుంచి నది మొత్తం ఒక్కసారిగా కిందికి ఒరిగిపోతుంది. అంచున ఏనుగు వీపుల్లాంటి బండలు నీటిని పాయలు పాయలుగా చీలుస్తాయి. ఆ పాయలు సగం దూరం విడివిడిగా దిగి, నడుమనున్న రాతి అరుగు మీద పడి, ఒకదానితో ఒకటి పెనవేసుకుని, ఒకే జడగా కింది మడుగులోకి దూకుతాయి. అందుకే దానికి జడలధార అని పేరు వచ్చింది.

వానాకాలంలో అది ఎర్రమట్టి రంగులో విరుచుకుపడుతుంది. అప్పుడు దగ్గరికి వెళ్ళే ధైర్యం ఎవరికీ ఉండదు. శరత్తు వచ్చేసరికి నీరు తేరుకుని పాలరంగులోకి మారుతుంది. ఆ రోజుల్లో పొద్దు కాస్త పైకెక్కాక, తూర్పు కొండ మీదుగా ఎండ లోయలోకి దిగగానే, రాతి అరుగు నుంచి మడుగు దాకా ఇంద్రధనుస్సు వంతెన వేసినట్టు నిలుస్తుంది. ఆ రంగుల కింద తడిసిన జంటకు ఎడబాటు ఉండదని నమ్మకం. అందుకని కొత్త దంపతులు కొంగులు ముడివేసుకుని తుంపరలో నిలబడతారు. లోయలో చెట్ల ఆకులు ఏడాది పొడుగునా ఆరవు. బండల మీద నాచు పచ్చని తివాచీ పరిచినట్టు ఉంటుంది. ఆ హోరులో పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. అయినా వచ్చినవాళ్ళంతా ఏదో ఒకటి అరుస్తూనే ఉంటారు.

ఆ ఉదయం అక్కడున్న జనంలో ధార వైపు చూడనివాడు ఒక్కడే. అతని పేరు సింగన. ఒకప్పుడు మణిభద్ర రాజు మహీధరవర్మకు అంగరక్షక దళపతి. ఇప్పుడు కాషాయ గుడ్డ కప్పుకుని, బైరాగి వేషంలో ఒక బండ మీద కూలబడి, చెప్పు విప్పి అరికాలు పట్టుకుంటున్నాడు. అతని నడుముకు చుట్టిన కంబళి లోపల కత్తి ఉంది. అది కూడా అతనికి ఈ మధ్య బరువనిపిస్తోంది.

పక్కన నిలబడిన పడుచుపిల్ల రాకుమారి చారుమతి. పసుపులో ముంచిన నేత చీర, నెత్తిన మూట, మెడలో పూసలు. దారిలో అడిగినవాళ్ళకు తాము తండ్రీకూతుళ్ళమని, తీర్థాలు తిరుగుతున్నామని చెప్పుకుంటూ వచ్చారు.

తీర్థాలు తిరిగిన మాట నిజమే. రాజ్యంలో నీరు పడే చోటల్లా వాళ్ళు తిరిగారు. దానికి కారణం భస్మకేశుడు. ఆ మాంత్రికుడు అతిథిలా రాజసభకు వచ్చి, ఒక తెల్లవారుజామున మహీధరవర్మ గొంతును శంఖంలోకి లాగేసి, ఎక్కడో దాచాడు. ఆనాటి నుంచి రాజు పెదవులు కదులుతాయి, శబ్దం రాదు. సింహాసనం పక్కన భస్మకేశుడు నిలబడి, ప్రభువుల ఆజ్ఞ ఇదీ అని తన నోటికొచ్చింది చెబుతాడు. రాజు పెదవులు ‘వద్దు’ అంటుండగా మాంత్రికుడు ‘సరే’ అని చాటడం సింగన కళ్ళారా చూశాడు. చూసినవాడు అతనొక్కడే కాదు. చూశానని అన్నవాడు మాత్రం అతనొక్కడే. దాంతో అతని తల మీద బహుమానం ప్రకటించారు. రానున్న కార్తీక పున్నమి నాడు రాజు తన కిరీటాన్ని భస్మకేశుడికి ఇస్తాడని కూడా రాజు మాటగానే చాటించారు. ఆ రాత్రే సింగన రాకుమారిని తీసుకుని కోట దాటాడు.

శంఖం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అడవిలో ఒక యోగిని మాత్రం, గొంతు దాచాలనుకునేవాడు ఎవరి చెవికీ అది వినపడని చోట దాస్తాడని, నీరు అరిచే చోట వెదకమని చెప్పింది. అప్పటినుంచి వాళ్ళు జలపాతాల వెంట పడ్డారు. కొన్ని చోట్ల గుహలు లేవు. కొన్ని చోట్ల గుహల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి. ఒక చోట సింగన కాలు జారి పక్కటెముక విరిగింది. మరో చోట జ్వరం తగులుకుంది. అన్నిటికన్నా పెద్దదైన జడలధారను చివరిదాకా చూడకుండా ఉంచడానికి కారణం అక్కడ సైనికుల కాపలా ఉండటమే. నీళ్ళకు కాపలా ఎందుకని చారుమతి మొదటినుంచీ అంటూనే ఉంది. అక్కడికి పోతే పట్టుబడతామని సింగన వాయిదా వేస్తూ వచ్చాడు. నిజానికి అతనికి ఎక్కడికీ పోవాలని లేదు. ఎండ తగిలే అరుగు మీద ఒక పూట కాళ్ళు చాపుకుని పడుకుంటే చాలనిపిస్తోంది.

చారుమతి అతని భుజం తట్టి, చెవి దగ్గర నోరు పెట్టింది.

“ఆ పిట్టల్ని చూడండి.”

సింగన తల ఎత్తాడు. లోయలో గిరికీలు కొడుతున్న నల్లని చిన్న పిట్టలు ఒక్కొక్కటిగా వచ్చి, ఎడమ చివరి పాయలోకి బాణాల్లా దూసుకుపోతున్నాయి. మిగతా పాయల జోలికి పోవడం లేదు. లోపలికి పోయినవి కాసేపటికి మళ్ళీ అక్కడినుంచే బయటికి వస్తున్నాయి. రెక్కలు విరగలేదు, నీట మునగలేదు. ఆ పాయ వెనుక రాయి లేదు, ఖాళీ ఉంది.

సింగన చెప్పు తొడుక్కున్నాడు.

కాలిబాటలన్నింటి దగ్గరా ఈటెలు పట్టుకున్న సైనికులు ఉన్నారు. మడుగులో మాత్రం యాత్రికులను తుంపర దాకా తీసుకుపోయే పుట్టీలు తిరుగుతున్నాయి. తోలు కప్పిన ఆ వెదురు పుట్టీల్లో ఒకదానిలోకి వాళ్ళిద్దరూ ఎక్కారు. అందులో అప్పటికే ఒక కొత్త జంట, వాళ్ళ మేనత్త ఉన్నారు. పుట్టి ఇంద్రధనుస్సు కిందికి రాగానే మేనత్త కళ్ళు మూసుకుని దండం పెట్టింది. తెల్లని తుంపర కమ్ముకుని చేతికి చెయ్యి కనిపించని ఆ క్షణంలో, సింగన లేచి నిలబడి, రాతి గోడ నుంచి వేలాడుతున్న మర్రి ఊడను అందుకున్నాడు. రెండో చేత్తో చారుమతి నడుము పట్టి పైకి ఎత్తాడు. పుట్టి గిర్రున తిరిగింది. పుట్టివాడు గెడ ఆడిస్తూ ఏదో అరిచాడు. ఏమి అరిచాడో జడలధారకే తెలియాలి.

రాయి నాచుతో జారుతోంది. పగుళ్ళలో వేళ్ళు దోపి, మోకాళ్ళు గీరుకుంటూ వాళ్ళు పైకి పాకారు. చారుమతి ముందు, సింగన వెనుక. విరిగి అతుక్కున్న పక్కటెముక ప్రతి పట్టుకూ కలుక్కుమంటోంది. సగం ఎక్కేసరికి గాలి వీచి తుంపర పక్కకు తొలగింది. అవతలి గట్టున కాపలావాడు వాళ్ళను చూసి కొమ్ము ఎత్తాడు. ఊదినా వినపడలేదు, కాని వాడి చుట్టూ ఉన్నవాళ్ళు చూశారు. ఒక బాణం వచ్చి సింగన చేతి పక్కన రాయికి తగిలి ముక్కలైంది. ఇంకొకటి అతని కాషాయాన్ని చీల్చుకుపోయింది. చారుమతి అరుగు మీదికి చేరి, వెనక్కి వంగి, అతని కంబళి అంచు పట్టుకుని లాగింది.

అరుగు మీద నిలబడితే నీరు గోడలా అడ్డంగా ఉంది. ఆగి ఆలోచిస్తే కాళ్ళు కదలవని సింగనకు తెలుసు. తల వంచి, రాకుమారిని చంక కింద దాచుకుని, ఎడమ పాయలోకి నడిచాడు.

ఆ నీటి బరువు అతన్ని మేకును కొట్టినట్టు కిందికి కొట్టింది. మోకాళ్ళ మీద పడ్డాడు. ఊపిరి ఆడలేదు. అలాగే పడి ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. చారుమతి అతన్ని మెడ పట్టి లోపలికి ఈడ్చింది.

లోపల పచ్చని వెలుతురు. నీటి తెర గుండా వచ్చిన ఎండ గోడల మీద పాములు పాకినట్టు కదులుతోంది. పైకప్పు నిండా పిట్టల గూళ్ళు. గుహ లోపలికి పోయి ఒక మలుపు తిరిగింది. ఆ మలుపు దాటగానే హోరు దుప్పటి కప్పినట్టు తగ్గింది. అక్కడ రాతిలో తొలిచిన గూళ్ళు వరసలుగా ఉన్నాయి. ప్రతి గూటిలో ఒక శంఖం ఉంది. ప్రతి శంఖం నోటికీ లక్క పూసి ఉంది. కింద కుంపటి దగ్గర ఒక ముసలావిడ చేతులు కాచుకుంటూ కూర్చుంది.

సింగన కత్తి దూశాడు. ఆమె కత్తి వంక కాదు, అతని మోకాళ్ళ వంక చూసింది.

“కూర్చో నాయనా. నిన్ను చూస్తుంటే నాకే కాళ్ళు పీకుతున్నాయి,” అంది.

ఆమె పేరు పేరిందేవి. భస్మకేశుడికి తోడబుట్టిన అక్క. ఈ హోరు పక్కన ఉండి ఉండి ఆమె చెవులు ఎప్పుడో పోయాయి. ఎదుటివాళ్ళ పెదవులను చూసి మాట తెలుసుకుంటుంది. చెవులు పోయాయి గనుకనే తమ్ముడు ఆమెను ఇంకా కాపలాగా ఉంచాడు. శంఖాల్లోని గొంతులు ఎంత బతిమాలినా ఆమెకు వినపడవు. సింగన ఆమెకు ఎదురుగా కుంపటి దగ్గర కూలబడ్డాడు. లేచే శక్తి ఉందో లేదో అతనికే తెలియలేదు.

తామెవరో, ఎందుకు వచ్చారో చారుమతి దాచకుండా చెప్పింది. తన తండ్రి గొంతు ఏ శంఖంలో ఉందో చూపించమని వేడుకుంది. పేరిందేవి ఆ పెదవుల వంక చివరిదాకా చూసి, కుంపటిలో నిప్పు ఎగదోసింది.

“పని అయిపోగానే ఇంటికి తీసుకుపోతానన్నాడమ్మా వాడు. అప్పుడు నా జుట్టు నల్లగా ఉండేది. వాడి పని అవుతూనే ఉంది. నా వల్ల కాదింక.”

ఆమె లేచి, పై గూటిలోంచి ఒక శంఖం తీసి రాకుమారి చేతిలో పెట్టింది. చారుమతి దాన్ని చెవికి ఆనించుకుంది. సభలో నోరు తెరిచేముందు మహీధరవర్మ గొంతు సవరించుకుంటాడు, రెండుసార్లు మెల్లగా దగ్గి. ఆ దగ్గు వినగానే ఆమె కుంపటి పక్కనే చతికిలబడి కళ్ళు మూసుకుంది.

అయితే దాన్ని అలాగే మోసుకుపోవడానికి లేదని పేరిందేవి చెప్పింది. తమ్ముడు వేసిన కట్టు ఒకటుంది. గుహ దాటితే శంఖం పగులుతుంది, గొంతు గాలిలో కలిసిపోతుంది. అది బయటికి పోవాలంటే మరో మనిషి కంఠంలోనే పోవాలి. మోసేవాళ్ళు తమ గొంతును ఆ ఖాళీ శంఖంలో వదిలిపెట్టాలి.

“ఇంకొక మాట. ఎరువు గొంతుతో నోరు జారొద్దు. దారిలో నువ్వు పలికిన మాట పలికినట్టే ఖర్చయిపోతుంది. గొంతు మళ్ళీ రాజుకు చేరినా, ఆ మాట మాత్రం ఆయన నోట ఇక ఏనాటికీ రాదు.”

చారుమతి వెంటనే చెయ్యి చాపింది. సింగన ఆ చేతిని పక్కకు తీశాడు.

“నీ గొంతుతో రేపు పని పడుతుందమ్మా. నాది గుర్రాలను అదిలించే గొంతు. పోయినా గుర్రాలు తప్ప ఎవరూ వెదకరు.”

గుహలో తన గొంతుతో అతను మాట్లాడిన చివరి మాటలు అవే. పేరిందేవి లక్క గీకింది. సింగన శంఖం నోటికి పెదవులు ఆనించాడు. గోరువెచ్చని పాలలాంటిది గొంతులోకి దిగి, మింగని ముద్దలా అక్కడే నిలిచింది. తనదైనది ఏదో అదే దారిన బయటికి జారిపోయింది. ముసలావిడ శంఖానికి మళ్ళీ లక్క వేసి గూటిలో పెడుతూ, దీన్ని భద్రంగా చూస్తాను, తిరిగొచ్చి తీసుకో అంది. సింగన తల ఊపాడు. మళ్ళీ ఆ రాళ్ళు ఎక్కవలసి వస్తుందని తలుచుకోగానే ఒళ్ళంతా నీరసం కమ్మింది.

అప్పటికే నీటి తెర దగ్గర నీడలు కదిలాయి. సైనికులు అరుగు ఎక్కుతున్నారు. పేరిందేవి గుహ వెనుక భాగంలో ఒక చీలిక చూపించింది. ఆమెకు బియ్యం తెచ్చేవాళ్ళు వచ్చే దారి అది. ఒకరి వెనుక ఒకరు, ఒళ్ళు పక్కకు తిప్పుకుని ఆ చీలికలో నడిచి, చివరికి కొండకు మరో పక్కన బయటపడ్డారు.

అక్కడ కొండ నుంచి ఒక పెద్ద బండ ముందుకు పొడుచుకొచ్చి, జడలధారను పూర్తిగా కప్పేస్తుంది. బండకు ఇవతల నిలబడితే ధార కనిపించదు, వినిపించదు. అంత హోరు వినీ వినీ వచ్చినవాళ్ళకు ఆ నిశ్శబ్దం చెవుల్లో దూది పెట్టినట్టుంటుంది. ఎండుటాకు రాలినా తెలుస్తుంది. తెలిసిన యాత్రికులు ధార చూసి వెళ్ళేటప్పుడు ఇక్కడ ఆగి, మాట్లాడకుండా కాసేపు కూర్చుంటారట. దారి మాత్రం ఇరుకు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ.

ఆ ఇరుకు దారిలో కాపలాదళం నాయకుడు గండరాయుడు, తన మనుషులతో అడ్డంగా నిలబడి ఉన్నాడు.

గండరాయుడు ఒకప్పుడు సింగన కిందనే సాము నేర్చినవాడు. గురువును గుర్తుపట్టి ఒక్క క్షణం తడబడ్డాడు. ప్రభువుల ఆజ్ఞ, నేనేం చెయ్యను, లొంగిపోండి అని మాత్రం అన్నాడు. సింగన జవాబు చెప్పలేడు. కత్తి ఎత్తాడు.

దారి ఇరుకు కావడం ఒక్కటే అతనికి కలిసొచ్చింది. ఒకేసారి ఇద్దరికి మించి మీదికి రాలేరు. మొదటివాడి ఈటెను పక్కకు కొట్టి, వాణ్ణి వాడి వెనుకవాళ్ళ మీదికే తోశాడు. రెండోవాడి కత్తిని పిడి దగ్గర ఒడిసిపట్టి లోయలోకి ఎగరగొట్టాడు. పాతికేళ్ళ వయసులో అయితే ఈ పాటికి ముగించేవాడే. ఇప్పుడు చెయ్యి లేపిన ప్రతిసారీ అది మరొకరి చెయ్యిలా బరువుగా ఉంది. కంటి ముందు నల్లని చుక్కలు తిరుగుతున్నాయి. గండరాయుడే స్వయంగా ముందుకు వచ్చాడు. కత్తికి కత్తి తగిలి ఇద్దరూ భుజాలు ఆనించుకుని నిలబడిపోయారు. ఒకరిని ఒకరు తోయలేరు, వదలలేరు.

అప్పుడు సింగన చూశాడు. కొండ పైన, పొద చాటున, ఒక విలుకాడు మోకాలు వేసి కూర్చున్నాడు. వాడి గురి తన మీద కాదు. చారుమతి ఆ విలుకాడికి వీపు పెట్టి, కింద పడిన ఈటెను అందుకోవడానికి దారి అంచున నిలబడి ఉంది. నారి చెవిదాకా వచ్చింది.

సింగనకు చేతులు ఖాళీ లేవు. ఆలోచించే వ్యవధి లేదు. ‘అమ్మా’ అని పిలవబోయాడు. ఆమె పుట్టినప్పటి నుంచీ అతను అలాగే పిలుస్తాడు. కాని ఆ గొంతు అతనిది కాదు. ఆ గొంతుకు ఆ పిల్లను పిలిచే పేరు ఒక్కటే తెలుసు.

“చారూ.”

నిశ్శబ్దంలో ఆ పిలుపు లోయ అంతటా మోగింది. అంతఃపురపు మెట్ల మీద ప్రతి సాయంత్రం వినిపించే పిలుపు అది. చారుమతి తుళ్ళిపడి గిరుక్కున తిరిగింది. ఆమె మెడ ఉన్న చోటు గుండా బాణం దూసుకుపోయి లోయలో పడింది.

ఆ తరువాత ఎవరూ కదలలేదు. గండరాయుడి చేతిలోంచి కత్తి జారింది. కొలువులో చేరిన రోజున వాళ్ళ పేర్లు పిలిచింది ఆ గొంతే. యుద్ధంలో నిలబడమన్నది ఆ గొంతే. దాన్ని విని ఎన్ని నాళ్ళయిందో ఆ క్షణం దాకా వాళ్ళకు గుర్తులేదు. ముందు గండరాయుడు మోకాళ్ళ మీదికి వాలాడు. వెనుకనే మిగతావాళ్ళు. పైనున్న విలుకాడు విల్లు పారేసి రెండు చేతులూ ఎత్తి మొక్కుతున్నాడు.

చారుమతి ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది. నాన్న ఎక్కడ అన్నట్టు దారి అటూ ఇటూ చూసింది. ఆ చూపు చివరికి సింగన మీద, రెండు చేతులతో గట్టిగా మూసుకున్న అతని నోటి మీద ఆగింది. వెలుగు మెల్లగా ముఖంలోంచి దిగిపోయింది. ఏ మాట ఖర్చయిపోయిందో ఆమెకు అర్థమైంది.

సింగన కొండకు జారగిలబడి కూర్చుండిపోయాడు. క్షమించమని అడగాలన్నా అతని నోట మాట రాకూడదు. ఆ మాట కూడా రాజుదే అవుతుంది.

ఆమె వచ్చి అతని పక్కన కూర్చుంది.

“చివరిసారి నేనే విన్నాను కదా,” అంది. “పోనీలెండి. లేవండి.”

గండరాయుడు తల ఎత్తకుండానే అడిగాడు. “ప్రభువులు ఎక్కడున్నారమ్మా?”

చారుమతి లేచి నిలబడి, చీర కొంగుతో ముఖం తుడుచుకుంది.

“దారిలో ఉన్నారు. గుర్రాలు తెప్పించు. పున్నమికి ముందే కోట చేరాలి.”

సైనికులు పరుగెత్తారు. సింగనను జీను మీదికి ఎక్కించడానికి ఇద్దరు పట్టవలసి వచ్చింది. పీఠభూమి మీదికి రాగానే, తూర్పున కోట దారిలో నల్లని ధూళి లేవడం వాళ్ళకు కనిపించింది. ఆ ధూళి గాలికి ఎదురుగా వస్తోంది. రాజు గొంతు గుహ దాటిన సంగతి భస్మకేశుడికి అప్పుడే తెలిసిపోయింది. సింగన పెదవులు బిగించి, కళ్ళేన్ని ముంజేతికి చుట్టుకున్నాడు. అలవాటు చొప్పున గుర్రాన్ని అదిలించబోయి, మానుకుని, మడమతో మెల్లగా తట్టాడు. గుర్రం ఆ ధూళికి ఎదురుగా కదిలింది.